సముద్రం మీద ఒక మంగళవారం

పసిఫిక్ మహాసముద్రం మీద మేము గడిపిన పది రాత్రులలో ప్రతి సాయంత్రమూ మా గదికి ఒక చీటీ వచ్చేది. పడక సర్దే కుర్రవాడు దానిని దిండు మీద ఉంచి వెళ్లేవాడు. మరునాటి భోజన వేళలు, సంగీత కచేరీ, పైఅంతస్తులో చలిగాలి ఎక్కువన్న హెచ్చరిక, అన్నీ అందులోనే ఉండేవి. వాటన్నిటికీ పైన, తరచుగా, పెద్ద అక్షరాలతో ఒక మాట: ఈ రాత్రి నిద్రకు ముందు మీ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకోండి. 2024 సెప్టెంబరు 26 సాయంత్రం కెనడాలోని వాంకూవర్ రేవులో ఓడ ఎక్కి, అక్టోబరు 7 ఉదయం జపానులోని యొకొహామాలో దిగేలోగా ఆ మాట మాకు 8 సార్లు అందింది. తొలి 5 రాత్రులు వరుసగా, మిగిలిన 5 రాత్రులలో 3 సార్లు.

విమానానికి అలవాటుపడ్డ మన ప్రవాసులకు ఇది వింతగా తోస్తుంది. వేసవిలో సియాటిల్ నుండి హైదరాబాదుకు పోతే 12న్నర గంటల తేడా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. పట్టపగలు పెళ్లిపందిట్లో కునికిపాట్లు పడడం, అర్ధరాత్రి చుట్టాలింటి వంటగదిలో జంతికల డబ్బా కోసం తడుముకోవడం మనలో ఎరుగనివారు ఎవరు? ఓడ అంత నిర్దయగా ప్రవర్తించదు. భూగోళం మీద 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట చొప్పున కాలం మారుతుంది. గంటకు 18 నాట్ల వేగంతో ఆ ఉత్తరపు నీళ్లలో పడమటికి సాగే ఓడ రోజుకు సుమారు 11 డిగ్రీలు దాటుతుంది. అంటే రోజుకు ముప్పావు గంట. సూర్యుడు మనకంటె కొద్దిగా ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూసి, వీళ్లు వస్తున్నారా అని ఆగినట్లుంటుంది.

మనిషి దేహంలోని గడియారం తనంతట తానుగా 24 గంటలకంటె కొద్ది నిమిషాలు ఎక్కువగానే నడుస్తుందని నిద్రను పరిశోధించిన శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. అందువల్ల 25 గంటల రోజు దేహానికి పెద్ద కష్టం కాదు, 23 గంటల రోజే కష్టం. తూర్పుకు పోయేవారు రోజుకొక గంట నిద్ర పోగొట్టుకుంటారు. ఆ బాధ తగ్గించడానికే కొన్ని నౌకలు తూర్పు ప్రయాణంలో రాత్రిపూట కాక మధ్యాహ్నం 12 కొట్టగానే గడియారాన్ని 1 చేస్తాయి. భోజనం వేళ ఒక గంట మాయమవుతుంది కాని నిద్ర దక్కుతుంది. మాది పడమటి ప్రయాణం. సాయంత్రపు వెలుగులో వీలైనంతసేపు బయట కూర్చోవడం, తెల్లవారుజామున తెరలు వేసుకొని ఉండడం, ఈ రెండూ పాటించాను. నా మట్టుకు నాకు మూడో రోజుకే సర్దుకుపోయింది. 81 ఏళ్ల మా అమ్మగారికి మాత్రం నిద్రకంటె ముందు ఆకలి మేలుకొనేది. ఓడ గడియారం నాలుగు చూపుతుండగానే లేచి కూర్చొని, "ఏరా, కాఫీ హోటలు తీశాడంటావా?" అని అడిగేవారు. తీసేవాడు కాదు. ఇంటి నుండి తెచ్చుకున్న అటుకులు, వేరుశనగపప్పు ఆ వేళలో అక్కరకు వచ్చాయి.

మేము ఓడ ఎక్కడానికి కారణం విలాసం కాదు. మా తమ్ముడు యొకొహామాలో స్థిరపడి 14 ఏళ్లయింది. వాడి ఇల్లు అమ్మ చూడలేదు. పది గంటలు విమానంలో కాళ్లు ముడుచుకు కూర్చోవడమంటే ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. వేసవి అంతా అలాస్కా తీరంలో తిరిగే విహారనౌకలలో కొన్ని, చలి ముదరక ముందే ఆసియాకు తరలిపోతాయి. అలాంటిదానిలో చోటు దొరికింది. చిక్కల్లా ఆ తరలిపోయే కాలం మహాలయ పక్షాలలో పడడమే. "పక్షాల్లో ప్రయాణమేమిట్రా?" అని అమ్మ రెండు వారాలు ఊగిసలాడారు. నాన్నగారు పోయి 9 ఏళ్లు. ఆ 9 ఏళ్లలో మహాలయ అమావాస్యనాడు తిలతర్పణం తప్పింది లేదు. ఆలయంలోనో, మా పెరటిలోనో, ఎలాగో ఒకలాగ జరిగింది. ఈసారి సముద్రం మీద జరగాలి.

బయలుదేరే ముందు మన ఆలయ అర్చకులను కలిసి ఈ సంగతి విన్నవించాను. సియాటిల్ లెక్కన అమావాస్య అక్టోబరు 1 ఉదయం 9 దాటాక ప్రవేశించి, 2వ తేదీ మధ్యాహ్నం 12 కాకముందే ముగుస్తుంది. పితృకార్యానికి అపరాహ్ణంలో తిథి ఉండాలి కనుక మన ఊళ్లో తర్పణం 1వ తేదీన. అంతవరకు తేలికే. అయితే మా ఓడ సెప్టెంబరు 30 రాత్రి పడుకొని అక్టోబరు 2 ఉదయం లేస్తుంది. ప్రయాణపు పట్టికలో అక్టోబరు 1 లేదు.

ఈ తేదీ జారిపోవడం గురించి కొంత చెప్పాలి. పడమటికి పోతూ రోజుకొక గంట వెనక్కి తిప్పుకొంటూ భూమిని చుట్టి వస్తే, ఇంటివద్ద ఉన్నవారికంటె మన లెక్కలో ఒక పగలు తక్కువ వస్తుంది. ఈ వింత మొదట మెజలాన్ నౌకాదళానికి తెలిసింది. 1519లో బయలుదేరిన ఆ దళంలో మిగిలిన ఒకే ఒక్క ఓడ 1522 జూలైలో కేప్ వెర్డీ దీవులకు చేరినప్పుడు, ఓడవారి లెక్కకు అది బుధవారం, ఒడ్డునున్నవారికి గురువారం. దినచర్య రాసే పిగఫెట్టా అనే ఇటలీవాడు ఒక్కరోజు కూడా మానకుండా రాశాడు. రాతలో తప్పు లేదు. చుట్టి వచ్చిన దారిలోనే ఉంది ఆ తేడా. తరువాత 1884లో వాషింగ్టన్ నగరంలో దేశాలవారు సమావేశమై గ్రీనిచ్ రేఖను మూలంగా తీసుకున్నాక, దానికి సరిగ్గా అవతలివైపున్న 180 డిగ్రీల రేఖ సమీపంలో తేదీ మారడం స్థిరపడింది. ఆ గీత తిన్నగా కూడా ఉండదు. దీవుల వ్యాపారాలను బట్టి, రాజ్యాల ఇష్టాన్ని బట్టి వంకర్లు పోతుంది. సమోవా దేశం 2011లో గీతకు ఈవల నుండి ఆవలకు మారదలచి డిసెంబరు 30ని మొత్తంగా వదిలివేసింది. ఆ ఏడు అక్కడ 29 గురువారం తరువాత 31 శనివారం వచ్చింది. ఓడల సంగతికి వస్తే, గీత దాటే క్షణానికి తేదీ మార్చరు. ప్రయాణికులకు తికమక లేకుండా దగ్గరలోని అర్ధరాత్రి చూసి మారుస్తారు.

అర్చకులు అంతా విని ఒక కాగితం మీద లెక్క వేశారు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరం. అది ఆకాశంలో జరిగే సంగతి కనుక లోకమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది. సూర్యోదయం, అపరాహ్ణం మాత్రం ఎవరున్న చోటు వారివి. సూర్యసిద్ధాంతం లంక, ఉజ్జయినుల మీదుగా పోయే రేఖను మూలంగా పెట్టుకొని దేశాంతర సంస్కారం చెప్పిందంటే ఈ తేడా మన పెద్దలకు కొత్త కాదన్నమాట. ఓడ ఆనాడు ఉండబోయే చోటికి లెక్క కడితే, 2వ తేదీ తెల్లవారుజామున 4 దాటాక అమావాస్య మొదలై మరునాటి ఉదయం దాకా ఉంటుంది. "మీరు దిగులు పడనక్కరలేదు. తేదీ పోతుంది కాని అమావాస్య పోదు. మీ శరీరం ఎక్కడుంటే అక్కడి సూర్యుడే మీకు ప్రమాణం," అన్నారాయన. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే తలూపారు.

చెప్పగా వినడం వేరు, కళ్లారా చూడడం వేరు. సెప్టెంబరు 30 సోమవారం సాయంత్రం చీటీ వచ్చింది. దాని మీద, రేపు బుధవారం, అక్టోబరు 2 అని ఉంది. అమ్మ కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చదివారు. తరువాత మందుల డబ్బా తీశారు. ఏడు వారాలకు ఏడు గదులుండే డబ్బా అది. బయలుదేరే ముందు వైద్యుణ్ణి అడిగితే, ఆమె వేసుకొనే రక్తపోటు మాత్రలకు గంట అటూ ఇటూ అయినా భయం లేదు, ఓడ గడియారం ప్రకారమే వేసుకోమన్నారు. ఇన్సులిన్ వాడేవారు మాత్రం తమ వైద్యుణ్ణి ముందుగా అడిగి వేళలు రాయించుకోవడం మంచిది. అమ్మకు ఆ బాధ లేదు. ఆమె బాధ వేరు. మంగళవారం గదిలో మాత్రలు నిండుగా ఉన్నాయి. "వీటినేం చేయను? పోనీ మాత్రల సంగతి వదిలేయ్. నా మంగళవారం ఏమైనట్టు?" అన్నారు. నలభై ఏళ్లకు పైగా ఆమె ఆంజనేయస్వామి పేర మంగళవారం ఒంటిపూట ఉంటున్నారు. కాన్పులలో తప్ప మానలేదని చెబుతారు.

అమ్మ లెక్క కాదనలేనిది. "శనివారం పొద్దు పొడిచింది, చూశాను. ఆదివారం పొడిచింది. సోమవారం పొడిచింది. రేపు పొడిచేది మంగళవారం పొద్దే కదా. మధ్యలో ఏ పొద్దునూ మనం దాటి రాలేదుగా?" నిజమే. మేము ఏ సూర్యోదయాన్నీ పోగొట్టుకోలేదు. ప్రతిరోజూ కొద్దికొద్దిగా సాగదీసి వాడుకున్న గంటలన్నీ కలిసి ఒక పేరును మింగాయి. మరి రేపటి సంకల్పంలో ఏ వారం చెప్పాలి? వారం తప్పు చెబితే తర్పణం ఎవరికి చేరుతుందన్నది ఆమె భయం. శాస్త్రం తెలిసినవారు ఈ భయానికి నవ్వవచ్చు. నాకు నవ్వు రాలేదు. సంకల్పమంటే మనం ఎవరమో, ఎక్కడున్నామో, ఎప్పుడున్నామో పైవారికి తెలియజేసే చిరునామా. దానిలో ఒక్క ముక్క తారుమారైతే ఉత్తరం ఎవరింటికి పోతుందోనన్న కలవరం సహజమే.

నాన్నగారు సామర్లకోటలో స్టేషన్ మాస్టరుగా చేశారు. భారతదేశపు ప్రామాణిక కాలానికి మూలమైన 82న్నర డిగ్రీల రేఖ ఆ చుట్టుపక్కలే, తుని దగ్గరగా పోతుంది. అందుచేత, మన ఊరి సూర్యుడూ మన ఊరి గడియారమూ దాదాపు ఒకే మాట చెబుతాయని, బొంబాయివాళ్లకు ఆ భాగ్యం లేదని ఆయన గర్వంగా అనేవారు. 1906లో ఆ కాలం వాడుకలోకి రాకముందు రైళ్లు మద్రాసు నక్షత్రశాల కాలాన్ని బట్టి నడిచేవి. అది ఇప్పటి లెక్కకు 9 నిమిషాలు వెనుక. ఇలాంటివి ఆయన భోజనాల దగ్గర చెబుతుంటే మేము చారు అన్నం కలుపుకొంటూ వినీ విననట్టు ఊరుకొనేవాళ్లం. ఆ రాత్రి ఓడగదిలో అమ్మ తానుగానే ఆ రోజులు తలచుకున్నారు. "రాత్రి డ్యూటీలో పన్నెండు కొట్టగానే మీ నాన్నగారు రిజిస్టరులో గీత కొట్టి కొత్త తేదీ వేసేవారు. బండి ప్లాట్‌ఫారం మీద ఉన్నా సరే. బండి దాని మానాన అది పోయేది," అన్నారు. కాసేపు ఊరుకొని, "అయినా తేదీ వేసేవారు గాని, వారాన్ని ఎగరగొట్టేవారు కాదురా," అని నిట్టూర్చారు.

నాకు నిద్ర పట్టలేదు. మన భాష మాట్లాడేవారిలో ఇంతకు ముందు ఎందరు ఇలా సముద్రం మీద రోజులు లెక్కపెట్టుకొని ఉంటారోనని ఆలోచన పోయింది. 1860 అక్టోబరు 12న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాకు భారతీయ ఒప్పంద కూలీలను తీసుకుపోయిన తొలి ఓడ అది. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ 35 రోజులలో వారి నడిమధ్యాహ్నం మద్రాసు నడిమధ్యాహ్నం కన్నా 3 గంటల పైచిలుకు వెనక్కి జరిగింది. ఆ మాట వారికి చెప్పే చీటీ ఎవరూ దిండు మీద పెట్టలేదు. దిండే లేదు. అయినా ఆ 35 రోజులలో ఒక పున్నమి, ఒక అమావాస్య తప్పకుండా వచ్చి ఉంటాయి. ఓడ కప్పు మీదికి రానిచ్చిన రాత్రులలో చంద్రుణ్ణి చూసి తిథి పోల్చుకొనేవారు ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. వారి చేతిలో మిగిలిన పంచాంగం అదొక్కటే. మేము మెత్తని పరుపు మీద పడుకొని మంగళవారమా బుధవారమా అని తర్కించుకోవడం వారి ముందు కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

మరునాడు పొద్దున 6 దాటాక సూర్యుడు లేచాడు. అల్యూషియన్ దీవులకు దక్షిణంగా, పొగమంచు పలచబడిన సముద్రం. మేము ఎడమవైపు గది తీసుకొని ఉన్నాము. ఓడ పడమటికి పోతుంది కనుక మా వసారా దక్షిణముఖంగా ఉంది. పితృదేవతలకు అభిముఖంగా కూర్చోవడానికి వేరే ఏర్పాటు అక్కరలేకపోయింది. నల్లనువ్వులు, దర్భలు ఇంటి నుండే తెచ్చుకున్నాము. రాగి చెంబు, పళ్లెం అమ్మ పెట్టెలో ఉన్నాయి. ఓడ మీద నిప్పు రాజేయడం నిషిద్ధం, కాని తర్పణానికి నిప్పుతో పనిలేదు.

మధ్యాహ్నం భోజనం ముందు అమ్మ కాకినాడలో ఉన్న మా పిన్నికి ఓడలోని ఇంటర్‌నెట్ ద్వారా ఫోన్ చేయమన్నారు. అక్కడ తెల్లవారి 6 కావస్తోంది. పిన్ని అప్పుడే ముగ్గు వేసి వచ్చిందట. "ఈవేళ మీకు ఏ వారమే?" అని అమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు ఆమె తెల్లబోయింది. "బుధవారం. మహాలయ అమావాస్య కాదటే? మీకు తెలియదూ?" అంది. దేశంలో అమావాస్య 1వ తేదీ రాత్రి మొదలై 2వ తేదీ అర్ధరాత్రి దాటేదాకా ఉంది కనుక వారికీ ఆ బుధవారమే. అదే వేళకు సియాటిల్‌లో ఇంకా మంగళవారం సాయంత్రం. మేము కూర్చున్న చోటికి ఒకవైపు ఉన్న ఇంట్లో ఒక వారం, మరొకవైపు ఉన్న ఇంట్లో మరొక వారం. ఈ రెండిటిలో ఏ ఇంటి నుండి లెక్కపెట్టుకోవాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

అమ్మ ఫోన్ నా చేతికిచ్చి, చీరకొంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. "మీ నాన్నగారు అమెరికా గడప తొక్కలేదు. ఆయనకు సియాటిల్ మంగళవారంతో ఏం పని? బుధవారమనే చెప్పు," అన్నారు.

అలాగే చెప్పాను. శ్రీ క్రోధి నామ సంవత్సరం, దక్షిణాయనం, వర్ష ఋతువు, భాద్రపద మాసం, కృష్ణపక్షం, అమావాస్య, సౌమ్యవాసరం. ఇవన్నీ నోటికి వచ్చినవే. చోటు చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగాను. మేము ఇంటివద్ద చెప్పుకొనే క్రౌంచద్వీపం ఇక్కడ చెల్లదు. చిన్ననాడు నేర్చుకున్న గోదావరీ తీరమూ చెల్లదు. అర్చకులు ముందే చెప్పి పంపినట్లు, సముద్రమధ్యంలో అని పలికాను. ఆ మాట పలుకుతుంటే గొంతు కొద్దిగా పూడుకుపోయింది. ఎందుకో నాకు తెలియదు. నాన్నగారి పేరు, తాతగారి పేరు, ముత్తాతగారి పేరు ఒక్కొక్కటి చెప్పి నువ్వులనీళ్లు వదులుతుండగా ఓడ సన్నగా ఊగుతూనే ఉంది. పళ్లెంలో నీళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు.

ముగిసి చేతులు కడుక్కుంటుండగా పైనుండి కెప్టెన్ ప్రకటన వినిపించింది. మేము ఇప్పుడే 180 డిగ్రీల రేఖను దాటామట. రెండు గంటలు దాటింది. అమ్మ వసారాలోకి వచ్చి కిందికి వంగి చూశారు. "ఏదిరా గీత?" అన్నారు, నవ్వుతూ.

తర్పణజలం ఏం చేయాలన్నది ఒక చిన్న సమస్య. ఓడ మీద నుండి సముద్రంలోకి ఏదీ పారబోయరాదన్న నియమం కఠినం, దానిని మీరడం నాకు ఇష్టం లేదు. టీ వడపోతతో నువ్వులను వడకట్టి కాగితంలో కట్టి ఉంచి, నీటిని స్నానగదిలో వదిలాను. అమ్మకు అది నచ్చదనుకున్నాను. "పోనీలే. ఆ గొట్టం చివర ఉన్నది సముద్రమేగా," అన్నారు. ఆ పూట ఆమె ఒంటిపూటే తిన్నారు. అమావాస్యకూ ఒంటిపూటే, మంగళవారానికీ ఒంటిపూటే, రెండు ఖాతాలకూ ఇదే సరిపోతుందని తేల్చారు. మంగళవారం గదిలోని మాత్రలు బుధవారం వేసుకొని, బుధవారంవి గురువారం, ఇలా ఒక్కొక్క గది వెనక్కి జరుపుకొంటూ యొకొహామా దాకా లాక్కువచ్చారు.

ఒక ముచ్చట చెప్పడం మరిచాను. ఆ అమావాస్య చివరనే ఈస్టర్ దీవి మీద కంకణ సూర్యగ్రహణం పట్టింది. సూర్యచంద్రులు ఒక వరుసన నిలిచిన ఆ క్షణానికి అక్కడివారి తేదీ 2, మాది 3. ఆకాశంలో జరిగినది మాత్రం ఒక్కటే. మాకు గ్రహణం కనిపించలేదు. పొగమంచులో మామూలుగా తెల్లవారింది.

తమ్ముడింట్లో ఆరు వారాలున్నాము. వాడి పెరట్లో పెర్సిమన్ చెట్టు ఉంది, కాయలు కాషాయరంగుకు తిరుగుతున్నాయి. కాగితంలో ఉంచిన నువ్వులను అమ్మ ఆ చెట్టు మొదట కప్పిపెట్టారు. చలికాలంలో ఆ దారిన ఓడలు లేవు కనుక తిరుగుప్రయాణం విమానంలోనే తప్పలేదు. ఆమె మోకాళ్లు ఎంత బాధపడ్డాయో చెప్పను. నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం టోక్యోలో ఎక్కి, తొమ్మిది గంటలు ఎగిరి, అదే మంగళవారం ఉదయం సియాటిల్‌లో దిగాము. పోయిన పేరు ఇలా తిరిగి వచ్చింది. విమానంలో ఏమీ ముట్టని అమ్మ ఇంటికి చేరాక కూడా రాత్రికి భోజనం వద్దన్నారు. "పొద్దుననే మంగళవారం అయిపోయింది కదమ్మా, తిను," అన్నాను. "ఇది మళ్లీ మంగళవారమే కదురా. కిందటిది అమావాస్యలో తీరిపోయింది. ఇది జమ వేసుకో," అని మజ్జిగ మాత్రం పుచ్చుకున్నారు.